యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగస్టు) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త, ఔషధ పరిశోధకుడు. ఈయన ఆంధ్ర ప్రాంతంలో పుట్టి, మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి, 1920ల తొలినాళ్ళలో అమెరికా వెళ్ళాడు. జీవకణాలలో శక్తి నిలవకు, వినియోగానికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాలను కనుగొన్న వారిలో ఒకడు. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్, కాన్సర్ చికిత్సకు వాడే మెథోట్రెక్సేట్, మొదటి టెట్రాసైక్లిన్ జాతి ఔషధమైన ఆరియోమైసిన్ ఈయన నాయకత్వంలోని పరిశోధనశాలలో రూపుదిద్దుకున్నాయి.

సుబ్బారావు కొద్ది సంవత్సరాల చదువు కోసమని బయలుదేరి, జీవితాంతం అమెరికాలోనే ఉండిపోయాడు. వైద్యుడుగా వెళ్ళినవాడు ఆసుపత్రిలో రాత్రిపూట సహాయకుడుగా పనిచేయవలసి వచ్చింది. ఆయన అక్కడ గడిపిన కాలంలో ఎక్కువ భాగం భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే హక్కు లేదు. స్వదేశంలో మిగిలిన భార్యను ఆయన మళ్ళీ చూడలేదు. శాస్త్ర పరిశోధనలతో పాటు, పరాయి దేశంలో నిలదొక్కుకోవడానికి ఆయన పడిన శ్రమ కూడా ఈ జీవితచరిత్రలో ముఖ్యమైన భాగం.

బాల్యం

సుబ్బారావు 1895 జనవరి 12న అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. వారి ఏడుగురు సంతానంలో సుబ్బారావు ఒకడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం వదులుకోవడంతో కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది.

బాల్యంలో సుబ్బారావుకు చదువుపై పెద్దగా శ్రద్ధ ఉండేది కాదు. పదమూడేళ్ళ ప్రాయంలో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడని, అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలనుకున్నాడని, దారిలోనే పట్టుకుని వెనక్కు తీసుకువచ్చారని చెబుతారు. తల్లి వెంకమ్మ పట్టుదల గల స్త్రీ. భర్త మరణించిన తరువాత కూడా నగలు అమ్మి కొడుకు చదువు సాగేటట్లు చూసింది. రాజమండ్రిలో కొంతకాలం చదివిన తరువాత సుబ్బారావు మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాలలో చేరి, మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. ఆపై ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తి చేశాడు.

ఆ రోజులలో ఆయన మనసు సన్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నాడు. అందుకు తల్లి అంగీకరించలేదు. వైద్యుడైతే సేవ చేయాలన్న కోరిక కూడా తీరుతుందని మఠం పెద్దలు సలహా ఇవ్వడంతో మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు.

వైద్యవిద్య

వైద్యవిద్యకు అవసరమైన ధనసహాయం చాలావరకు ఆయన మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి నుండి లభించింది. ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావు వివాహం 1919లో జరిగింది.

అది జాతీయోద్యమం ఊపందుకుంటున్న కాలం. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు ధరించడం మొదలుపెట్టాడు. శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్ళాడు. ఇది శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. ఫలితంగా, పరీక్షలు బాగా వ్రాసినప్పటికీ, సుబ్బారావుకు పూర్తి స్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. ఈ తేడా అప్పట్లో చిన్నదిగా కనిపించినా, తరువాత అమెరికాలో ఆయన తొలి సంవత్సరాలను అది బాగా ప్రభావితం చేసింది.

ఈ కాలంలోనే స్ప్రూ అనే వ్యాధి ఆ కుటుంబాన్ని దెబ్బతీసింది. తిన్న ఆహారంలోని సారాన్ని ప్రేగులు గ్రహించలేకపోవడం, విడవని విరేచనాలు, తీవ్రమైన రక్తహీనత ఈ వ్యాధి లక్షణాలు. సుబ్బారావు సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతో మరణించారు. సుబ్బారావుకు కూడా ఈ వ్యాధి సోకింది. ఆంగ్ల వైద్యంలో అప్పటికి దీనికి సరైన మందు లేదు. ప్రముఖ ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చేసిన చికిత్సతో ఆయన కోలుకున్నాడు.

మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకక, సుబ్బారావు మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే అధ్యాపకుడుగా చేరాడు. ఆయుర్వేద ఔషధాలను ఆధునిక పద్ధతులలో పరీక్షించాలన్న ఆసక్తి ఆయనకు ఇక్కడే కలిగింది. అందుకు తగిన శిక్షణ, ప్రయోగశాలలు విదేశాలలోనే ఉన్నాయని భావించాడు.

అమెరికా ప్రయాణం

రాక్‌ఫెల్లర్ సంస్థ తరఫున మద్రాసు వచ్చిన ఒక అమెరికన్ వైద్యుని పరిచయం వల్ల సుబ్బారావు దృష్టి అమెరికా వైపు మళ్ళింది. ఆనాడు భారతీయ వైద్యులు పై చదువులకు సాధారణంగా ఇంగ్లండు వెళ్ళేవారు. అమెరికా వెళ్ళేవారు చాలా తక్కువ.

ప్రయాణానికి కావలసిన డబ్బు రెండు చోట్ల నుండి సమకూరింది. మామగారు కొంత సమకూర్చారు. మరికొంత సహాయానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ మాట ఇచ్చింది. సత్యలింగ నాయకర్ గోదావరి తీరం నుండి బర్మా వలసవెళ్ళి, రంగూన్‌లో సంపాదించిన ఆస్తిని దానధర్మాలకు వినియోగించిన వ్యక్తి. ఆ విధంగా ఒక తరం ముందు సముద్రం దాటిన ఒక తెలుగువాని సంపాదన, మరొక తెలుగువాని ప్రయాణానికి ఉపయోగపడింది.

కొద్ది సంవత్సరాలలో చదువు ముగించుకుని తిరిగివస్తానన్న ఉద్దేశంతోనే సుబ్బారావు బయలుదేరాడు. భార్యను పుట్టింట విడిచి వెళ్ళాడు. అప్పటికి ఆమె గర్భవతి.

బోస్టన్‌లో తొలి సంవత్సరాలు

సుబ్బారావు ఒక అక్టోబరు నెలలో బోస్టన్ నగరం చేరాడు. నవంబరు దాటితే ఆ ప్రాంతంలో మంచు కురుస్తుంది. జనవరిలో ఉష్ణోగ్రత తరచుగా నీరు గడ్డకట్టే స్థాయికి దిగువన ఉంటుంది. మద్రాసు నుండి వచ్చినవారికి ఉన్ని దుస్తులు, గది వేడి చేసుకోవడానికి అయ్యే ఖర్చు అలవాటులేని కొత్త భారాలు.

ఆయన హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరాడు. ఆ పాఠశాలకు అధిపతి రిచర్డ్ స్ట్రాంగ్. సుబ్బారావు వద్ద ఉన్న డబ్బు త్వరలోనే అయిపోయింది. ఉపకారవేతనం లేదు. మామూలుగా ఇటువంటి పరిస్థితిలో ఉన్న వైద్య పట్టభద్రుడు ఏదైనా ఆసుపత్రిలో ఇంటర్న్‌గా చేరి బస, భోజనం సంపాదించుకోవచ్చు. కాని సుబ్బారావుకున్న ఎల్.ఎం.ఎస్. పట్టా అందుకు చాలలేదు. మద్రాసులో రోగులను పరీక్షించడానికి అర్హుడైన వ్యక్తి, బోస్టన్‌లో అందుకు అనర్హుడయ్యాడు.

హార్వర్డ్ వైద్య పాఠశాల ప్రక్కనే పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రి ఉంది. సుబ్బారావు అందులో రాత్రి సహాయకుడుగా చేరాడు. రోగులు వాడిన మలమూత్ర పాత్రలను శుభ్రం చేయడం, మంచాల వద్ద చిన్న చిన్న పనులు చేయడం ఆ ఉద్యోగం. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, వైద్యుడై, కళాశాలలో పాఠాలు చెప్పిన వ్యక్తికి, ఆనాటి సామాజిక దృష్టిలో, ఇది ఊహించడానికి కూడా కష్టమైన పని. రాత్రి ఆసుపత్రిలో పని, పగలు తరగతులు, ప్రయోగశాల - ఇదీ ఆయన దినచర్య. ఆ విధంగా ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా సాధించాడు.

పేరు విషయంలో కూడా మార్పు తప్పలేదు. తెలుగువారిలో ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత వస్తాయి. అమెరికాలో చివర ఉన్నదే ఇంటిపేరు. అందువల్ల యల్లాప్రగడ అనే ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయి, సుబ్బారావు అనే పేరు ఇంటిపేరు స్థానంలోకి వచ్చింది. శాస్త్ర గ్రంథాలలో నేటికీ ఆయన పరిశోధనలు "ఫిస్కే - సుబ్బారావు" అన్న పేరుతోనే కనిపిస్తాయి.

చట్టపరమైన పరిస్థితి

సుబ్బారావు అమెరికా చేరిన కాలంలో అక్కడి చట్టాలు ఆసియావాసులకు వ్యతిరేకంగా ఉండేవి. 1917 నాటి వలస చట్టం భారతదేశంతో సహా ఆసియాలోని విశాల ప్రాంతం నుండి వలసలను నిషేధించింది. విద్యార్థులకు, మరికొన్ని వర్గాలవారికి మాత్రం మినహాయింపు ఉండేది. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ వ్యక్తికి సంబంధించిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు చట్టం దృష్టిలో శ్వేతజాతీయులు కారని, కనుక పౌరసత్వానికి అనర్హులని తీర్పు చెప్పింది. దీని ఫలితంగా అంతకుముందు పౌరసత్వం పొందిన భారతీయులలో కొందరు దానిని కోల్పోయారు. 1924 చట్టం పౌరసత్వానికి అనర్హులైన వారి వలసను మరింత కట్టడి చేసింది.

ఈ చట్టాల వల్ల సుబ్బారావు వంటివారి జీవితం తాత్కాలిక అనుమతులపై ఆధారపడి ఉండేది. దేశం విడిచి వెళితే మళ్ళీ ప్రవేశించగలరన్న హామీ లేదు. కుటుంబాన్ని రప్పించుకుని స్థిరపడడం కూడా సులభం కాదు. 1940 జనాభా లెక్కల ప్రకారం అమెరికా అంతటా ఉన్న భారతీయుల సంఖ్య 2,405 మాత్రమే. వారిలో ఎక్కువమంది కాలిఫోర్నియా పొలాలలో పనిచేసే పంజాబీలు. తూర్పు తీరంలో తెలుగు మాట్లాడేవారు అరుదు. తరువాతి తరాల ప్రవాసాంధ్రులకు అందుబాటులోకి వచ్చిన సంఘాలు, దేవాలయాలు, భారతీయ సరుకుల దుకాణాలు ఆనాడు లేవు.

హార్వర్డ్‌లో పరిశోధనలు

డిప్లొమా తరువాత సుబ్బారావు హార్వర్డ్ వైద్య పాఠశాల జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే వద్ద చేరాడు. రక్తంలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతిని రూపొందించడం ఆయనకు అప్పగించిన పని. ద్రావణంలోని ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి ఒక సంయోగ పదార్థంగా ఏర్పడుతుంది. దానిని తగిన రసాయనంతో క్షయీకరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ ఉన్నట్లు. 1925లో ప్రచురించబడిన ఈ పద్ధతి ప్రపంచమంతటా ప్రయోగశాలలలో వాడుకలోకి వచ్చింది. వైద్య, జీవరసాయన విద్యార్థులు దశాబ్దాల తరబడి దీనిని నేర్చుకున్నారు. శాస్త్ర సాహిత్యంలో అత్యధికంగా పేర్కొనబడిన వ్యాసాలలో ఇది ఒకటి.

ఈ పద్ధతితో కండరాలను పరీక్షిస్తున్నప్పుడు, అంతవరకు తెలియని ఒక భాస్వర పదార్థం బయటపడింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. ఫిస్కే, సుబ్బారావు దీనిని 1927లో ప్రకటించారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే కాలంలో స్వతంత్రంగా దీనిని గుర్తించారు. కండరం పనిచేసేటప్పుడు ఈ పదార్థం తగ్గుతుంది, విశ్రాంతిలో మళ్ళీ పెరుగుతుంది. కండరాల శక్తికి లాక్టిక్ ఆమ్లం ఏర్పడడమే కారణమని అంతవరకు ఉన్న అభిప్రాయం ఈ పరిశోధనల తరువాత సడలిపోయింది. 1929లో కండరాల నుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏటీపీ, వేరుచేయబడింది. జర్మనీలో కార్ల్ లోమాన్, అమెరికాలో ఫిస్కే, సుబ్బారావు దీనిని విడివిడిగా కనుగొన్నారు. సమస్త జీవకణాలలో శక్తి మారకానికి ఏటీపీ ఆధారమని తరువాత స్థిరపడింది.

1930లో సుబ్బారావుకు పి.హెచ్.డి. పట్టా లభించింది. అప్పటికి ఆయన వయస్సు 35. అయినా హార్వర్డ్‌లో ఆయనకు దక్కినది చిన్న స్థాయి బోధన ఉద్యోగమే. ఆయన అక్కడ దాదాపు పదిహేను సంవత్సరాలు గడిపినా స్థిరమైన ఆచార్య పదవి రాలేదు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు ఫిస్కే వైఖరి వల్ల ఆనాడు వెలుగు చూడలేదని, వాటిని ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, అప్పట్లో అక్కడ విద్యార్థిగా ఉండి తరువాత నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ తెలిపాడు.

1930లలో సుబ్బారావు పరిశోధన కాలేయంలోని రక్తవర్ధక పదార్థాల వైపు మళ్ళింది. పెర్నీషియస్ ఎనీమియా అనే రక్తహీనతకు కాలేయం తినిపిస్తే గుణం కనిపిస్తుందని 1926లో బోస్టన్ వైద్యులు నిరూపించారు. కాలేయంలోని ఏ పదార్థం వల్ల ఈ గుణం కలుగుతోందో తెలుసుకోవాలని అనేకులు ప్రయత్నిస్తున్నారు. సోదరుల మరణానికి కారణమైన స్ప్రూ వ్యాధిలోనూ రక్తహీనత ప్రధాన లక్షణమే కావడం వల్ల ఈ విషయం సుబ్బారావుకు సొంత విషయం వంటిదే.

కుటుంబానికి దూరం

సుబ్బారావు అమెరికా వెళ్ళిన తరువాత శేషగిరికి కుమారుడు జన్మించాడు. ఆ శిశువు ఏడాది నిండకముందే, చర్మానికి సోకే తీవ్రమైన బాక్టీరియా వ్యాధితో మరణించాడు. తండ్రి కొడుకును చూడనేలేదు. ఉత్తరాలు ఓడలలో ప్రయాణించే ఆ రోజులలో వార్త చేరడానికే వారాలు పట్టేది.

తిరిగి రావడం ఏటికేడు వాయిదా పడింది. మొదట చదువు పూర్తికాలేదు, తరువాత పరిశోధన మధ్యలో ఉంది, ఆ తరువాత రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయన అర్హతలకు తగిన ప్రయోగశాల స్వదేశంలో దొరకడం కూడా ఆనాడు కష్టమే. ఈ కారణాలన్నీ నిజమైనవే అయినా, వాటి భారం ఎక్కువగా మోసినది శేషగిరి. ఆమె భర్త లేకుండానే తన జీవితాన్ని గడపవలసి వచ్చింది. దంపతులు మళ్ళీ కలుసుకోలేదు.

లెడర్లీ పరిశోధనశాల

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదలి, అమెరికన్ సయనమిడ్ కంపెనీకి చెందిన లెడర్లీ పరిశోధనశాలలో చేరాడు. ఇది న్యూయార్క్ నగరానికి ఉత్తరాన, పెర్ల్ రివర్ అనే చిన్న ఊరిలో ఉండేది. త్వరలోనే అక్కడి పరిశోధన విభాగానికి డైరెక్టరు అయ్యాడు. విశ్వవిద్యాలయం ఇవ్వని స్థానాన్ని ఒక మందుల కంపెనీ ఇచ్చింది. అదే సంవత్సరం అమెరికా ప్రభుత్వం 14 ఏళ్ళు దాటిన విదేశీయులందరూ వేలిముద్రలు ఇచ్చి నమోదు చేసుకోవాలని చట్టం చేసింది. ఒక పెద్ద పరిశోధన సంస్థకు అధిపతి కాబోతున్న సుబ్బారావు కూడా చట్టరీత్యా ఆ విదేశీయులలో ఒకడు.

లెడర్లీలో ఆయన రసాయన శాస్త్రవేత్తలు, సూక్ష్మజీవ శాస్త్రవేత్తలు, వైద్యులు కలిసి పనిచేసే బృందాలను ఏర్పాటు చేశాడు. ఫలితాల ప్రకటనలో సహచరులను ముందుంచి, తాను వెనుక ఉండేవాడు. ఈ కాలంలో వెలువడిన ముఖ్యమైన ఔషధాలు ఇవి.

ఫోలిక్ ఆమ్లం: గర్భిణీ స్త్రీలకు వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని లూసీ విల్స్ 1930 ప్రాంతంలో బొంబాయిలో గమనించింది. అందుకు కారణమైన పదార్థమే ఫోలిక్ ఆమ్లం. సహజ వనరుల నుండి అది అత్యల్ప పరిమాణంలో మాత్రమే లభించేది. ఏంజియర్, వాలర్, హచింగ్స్, స్టాక్‌స్టాడ్ మొదలైనవారితో కూడిన లెడర్లీ బృందం 1945లో దీనిని కృత్రిమంగా తయారుచేసింది. టామ్ స్పీస్ అనే వైద్యుడు దీనిని స్ప్రూ రోగులకు ఇచ్చి సత్ఫలితాలు పొందాడు. సుబ్బారావు సోదరులు మరణించిన వ్యాధికి మందు ఆ విధంగా ఆయన పరిశోధనశాల నుండే వెలువడింది. నేడు గర్భిణీ స్త్రీలకు ఇచ్చే మాత్రలలో ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి.

అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్: ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే పదార్థాలను కూడా ఈ బృందం తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను డోరిస్ సీగర్ సంశ్లేషించింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ దీనిని తీవ్రమైన రక్త కాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చాడు. చికిత్స పొందిన 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ వ్యాధిని మందుతో అదుపు చేయవచ్చని తెలియడం అదే మొదలు. దీని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికీ కొన్ని కాన్సర్లకు, కీళ్ళవాతానికి, సొరియాసిస్‌కు వాడుతున్నారు.

డైఇథైల్ కార్బమజీన్: రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ ద్వీపాలలో పోరాడిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో దానికి మందు కనుగొనవలసిన అవసరం ఏర్పడింది. హెవిట్, కుష్నర్ మొదలైనవారితో కలిసి సుబ్బారావు బృందం 1947లో ఈ మందును ప్రకటించింది. హెట్రజాన్ అన్నది దాని వ్యాపారనామం. ఇది రక్తంలో తిరిగే ఫైలేరియా పిల్లపురుగులను నశింపజేస్తుంది. దోమకాటు ద్వారా వ్యాపించే ఈ వ్యాధినే తెలుగువారు బోదకాలు అంటారు. సుబ్బారావు పుట్టిన గోదావరి మండలంతో సహా కోస్తా జిల్లాలలో ఇది తరతరాలుగా ఉన్న వ్యాధి.

ఆరియోమైసిన్: విశ్రాంత వృక్షశాస్త్ర ఆచార్యుడైన బెంజమిన్ డగ్గర్‌ను లెడర్లీ సంస్థ డెబ్బయ్యేళ్ళు దాటిన వయసులో పరిశోధనకు నియమించింది. వివిధ ప్రాంతాల మట్టి నమూనాలను పరీక్షిస్తూ, మిస్సోరి నుండి వచ్చిన మట్టిలో ఆయన ఒక సూక్ష్మజీవిని గుర్తించాడు. దాని నుండి బంగారు రంగు గల ఈ యాంటీబయాటిక్ లభించింది. పెన్సిలిన్‌కు లొంగని అనేక రోగాలపై ఇది పనిచేసింది. దీనిని 1948 జూలైలో న్యూయార్క్‌లో ప్రకటించారు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇదే మొదటిది.

పౌరసత్వం

1946 జూలై 2న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో లూస్ - సెల్లర్ చట్టం అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ఏటా 100 మంది భారతీయులకు వలస వచ్చే అవకాశం, అక్కడ నివసిస్తున్న భారతీయులకు పౌరసత్వం పొందే హక్కు లభించాయి. అప్పటికి సుబ్బారావు అమెరికా వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. ఆ తరువాత ఆయన జీవించినది రెండేళ్ళు మాత్రమే. అమెరికా పౌరసత్వం స్వీకరించకుండానే మరణించాడు. 1947లో స్వతంత్రమైన స్వదేశాన్ని చూసే అవకాశం కూడా ఆయనకు కలుగలేదు.

మరణం

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. ఆరియోమైసిన్ ప్రకటన వెలువడి అప్పటికి కొద్ది వారాలే అయింది. అమినోప్టెరిన్ మీద ఫార్బర్ వ్యాసం వచ్చి రెండు నెలలు దాటింది. తన పరిశోధనల ఫలితాలు ప్రపంచమంతటా వాడుకలోకి రావడం ఆయన చూడలేదు.

గుర్తింపు

జీవితకాలంలో సుబ్బారావుకు పెద్ద బహుమతులేవీ రాలేదు. నోబెల్ బహుమతి రాలేదు. ప్రచారానికి దూరంగా ఉండడం, పరిశోధన ఫలితాలు బృందం పేరుతో వెలువడడం, విశ్వవిద్యాలయ పదవి లేకపోవడం, పరాయి దేశస్థుడు కావడం ఇందుకు కారణాలుగా భావించవచ్చు. స్వదేశంలో కూడా ఆయన పేరు చాలాకాలం వైద్య వర్గాలకే పరిమితమయింది. పత్రికా రచయిత ఎస్.పి.కె. గుప్త ఎన్నో ఏళ్ళు శ్రమించి సేకరించిన వివరాలతో 1987లో వెలువరించిన జీవితచరిత్ర వల్ల ఆయన గురించి సామాన్య పాఠకులకు విస్తారంగా తెలిసింది.

1953లో అమెరికన్ శాస్త్రవేత్త హెసెల్టైన్ ఒక కొత్త శిలీంధ్ర ప్రజాతికి ఆయన గౌరవార్థం సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టాడు. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

సుబ్బారావు కనుగొన్న మందులలో తెలుగునాట అత్యధికులకు నేరుగా అందినది డైఇథైల్ కార్బమజీన్. ఫైలేరియా నిర్మూలన కోసం భారత ప్రభుత్వం 2004లో ప్రారంభించిన కార్యక్రమంలో భాగంగా, వ్యాధి ఉన్న జిల్లాలలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఈ మాత్రలు మింగించారు. ఆ జిల్లాలలో గోదావరి జిల్లాలు కూడా ఉన్నాయి. తిరిగి స్వస్థలానికి రాలేకపోయిన సుబ్బారావు కృషి ఆ విధంగా భీమవరం పరిసరాల ఇళ్ళకు చేరింది.